ఎన్-లిస్ట్ లాగిన్ తీసుకోకపోతే

ఎన్-లిస్ట్ అంటే కాలేజీల వాళ్లు ఈ-పుస్తకాలు, పరిశోధన పత్రికలు ఆన్‌లైన్‌లో చదువుకునే సేవ. అందులోకి లాగిన్ అవట్లేదని, విజయనగరం సంస్థానం మీద థీసిస్‌లు కావాలని అడిగారు. మీ పేరున ఖాతా ఇంకా తెరవలేదు, అందుకే హాల్‌టికెట్ నంబరు కొట్టినా తీసుకోవట్లేదు. విజయనగరంలో మీ కాలేజీకి సభ్యత్వం ఉన్నా, విద్యార్థి పేరు విడిగా ఎక్కించాలి.

1. లైబ్రేరియన్ గారికి పేరు, కోర్సు, మెయిల్ ఐడీ రాసివ్వండి.

2. చాలామంది పొరబడేది ఇక్కడే. లాగిన్ వివరాలు ఆ మెయిల్‌కే వస్తాయి. మా చెల్లి రాసిన 'ఐ'ని 'ఎల్' అనుకుని ఎక్కించారు, పాపం రెండు వారాలు ఎదురుచూసింది. ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి ఒక్కో అక్షరం చూసుకోండి. తర్వాత స్పామ్ కూడా వెతకండి.

3. విజయనగరం సంస్థానం మీద థీసిస్‌లు అడిగారు కదా, వాటికి ఈ లాగిన్ అక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటు అందరికీ ఉచితం. అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ముందు గ్రంథసూచి ఫైలు తెరవండి, ఏ పుస్తకాలు వెతకాలో అందులోనే దొరుకుతుంది.