పూల పేరు, మాను పరిమళం
జపాను అగరువత్తులపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: జపానులో తయారైన సాకురా (చెర్రీపువ్వు) అగరువత్తుల పెట్టె ఒకటి మాకు కానుకగా వచ్చిందండీ. పెట్టె నిండా చెర్రీపూల బొమ్మలే ఉన్నాయి గానీ, వెలిగించాక పూల వాసన కన్నా గంధపుచెక్క వాసనే ఎక్కువగా తెలుస్తోంది. వీటిలో నిజంగా పూలు వేస్తారా, లేక పేరు వరకేనా?

జవాబు: పూలు వెయ్యరు. అలాగని మోసం జరిగిందనీ అనుకోనక్కరలేదు. పూరేకులను ఎండబెట్టి, దంచి, నిప్పు మీద వేస్తే ఎండుటాకులు కాలిన కమురు వాసన వస్తుందే తప్ప పువ్వు వాసన రాదు. పువ్వుకు పరిమళాన్నిచ్చే తైలాలు చాలా తేలికైనవి గనుక, వాటిలో అధికభాగం రేకులు ఎండేలోపే గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కాస్తా నిప్పు వేడికి రూపు మారిపోతుంది.

పూలు లేకుండా పూలను తలపించే విద్య జపానులో వెయ్యేళ్ల నాటిది. 794 నుంచి 1185 వరకు సాగిన హెయాన్ యుగంలో, క్యోటో రాజాస్థానానికి చెందిన స్త్రీపురుషులు ధూపద్రవ్యాలను తమకు మాత్రమే తెలిసిన పాళ్లలో కలిపి, తేనెతోనో ఊమే (జపాను రేగు వంటి పుల్లని పండు) పండ్ల గుజ్జుతోనో ముద్దచేసి, చిన్న ఉండలు కట్టి, కొంతకాలం భూమిలో పాతిపెట్టి ఊరనిచ్చేవారు. ఆ ఉండలను నేరుగా కాల్చకుండా, బూడిదలో కప్పిన నిప్పు వేడి మాత్రమే తగిలేలా ఉంచేవారు. వసంతానికి ఊమే పూల పేరున్న బైకా, వేసవికి తామర పేరున్న కయో, శరత్తుకు చామంతి పేరున్న కిక్కా వాడేవారు. పేర్లు పూలవే అయినా ముద్దలో పడేవి అగరు, లవంగం, చందనం, జటామాంసి, కస్తూరి, వీటితోపాటు ఒక రకం సముద్రపు నత్త గుల్ల మూతను దంచిన పొడి. పూరేకు ఒక్కటీ లేదు. అప్పటి జపాను దొరలు ఈ ధూపాలతో పోటీలు పడేవారంటే, ఎవరి తామర ఎక్కువ తామరలా ఉందన్నదే అక్కడ తేలవలసిన విషయం.

ఇప్పుడు మీ చేతికి వచ్చిన పెట్టెది మరో దారి. 1868లో మేజీ యుగం మొదలై పడమటి దేశాలతో రాకపోకలు పెరిగాక, ఐరోపా సెంట్ల తయారీ విద్య జపాను అగరువత్తుల్లోకీ వచ్చింది. చెక్కపొడిలో గులాబి, మల్లె, లిల్లీ వాసనల నూనెలు కలపడం అప్పటి నుంచి వాడుకైంది. మీ సాకురా విషయంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. జపానులో ఎక్కువగా కనిపించే సోమేయోషినో రకం చెర్రీపూలకు వాసన దాదాపు ఉండదు. అక్కడివారు సాకురా వాసన అనుకునేది చాలావరకు ఉప్పులో ఊరవేసిన చెర్రీ ఆకులది, అందులోని కూమరిన్ అనే పదార్థానిది. అందుచేత సాకురా అగరువత్తి అన్నది పూర్తిగా సెంటు కూర్చినవాడి ఊహ. ఊహ బాగుంటే బాగానే ఉంటుంది.

మీ పెట్టెలో గంధపుచెక్క తెలుస్తోందంటే అది మంచి సరుకనే నా అభిప్రాయం. వెలిగించకముందే ముక్కు అదిరేలా గుప్పుమని, వెలిగించాక సబ్బు వాసనగా తేలిపోయే వాటిని నేను పూల అగరువత్తులుగా లెక్కించను. వత్తి ఆరిపోయిన తరవాత గది విడిచి వెళ్లి, కాసేపాగి మళ్లీ లోపలికి వచ్చి చూడండి. అప్పుడు మిగిలి ఉన్నదే దాని అసలు గుణం.

ప్రశ్న: ఈ వత్తులలో వెదురుపుల్ల లేదు. మరి విరగకుండా ఎలా నిలుస్తున్నాయి, చివరిదాకా సమంగా ఎలా కాలుతున్నాయి?

జవాబు: ఆ రెండు పనులూ ఒక చెట్టు బెరడే చేస్తుంది. జపానులో టబు అనే పచ్చని చెట్టు ఉంది; దాని బెరడు పొడికి నీళ్లు తగిలితే జిగురుగా మారుతుంది, ఎండాక తనదంటూ పెద్దగా వాసన లేకుండా నెమ్మదిగా కాలుతుంది. అగరు, చందనం, దాల్చినచెక్క, అనాసపువ్వు వంటి పొడులను దీనితో కలిపి, వేడినీళ్లతో పిసికి, యంత్రంలో పెట్టి ఒత్తితే, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు సన్నని తీగలు పక్కపక్కనే దిగుతాయి. వాటిని పలక మీద పట్టి, పచ్చిగా ఉండగానే సమంగా కోసి, ఒకదానికొకటి ఆనించి పరుస్తారు. అసలు నేర్పు ఆరబెట్టడంలో ఉంది. గాలి ఎక్కువైతే వత్తి వంకర తిరుగుతుంది, తక్కువైతే బూజు పడుతుంది. అందుకే పాత పద్ధతి ఆరబెట్టే గదుల గోడలకు అడ్డచెక్కల కిటికీలు పెట్టి, గాలివాటాన్ని బట్టి వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటారు.

జపాను అగరువత్తులలో దాదాపు 70 శాతం అవాజీ ద్వీపంలోనే తయారవుతాయి. అక్కడి ఏఇ అనే రేవుపట్నంలో 1850లో ఈ పని మొదలైంది. చలికాలపు పడమటి గాలికి ఓడలు కదలని నెలల్లో ఊరివాళ్లకు ఇది ఉపాధి అయింది. పని నేర్పింది ఒసాకా పక్కనున్న సకాయి పట్నపు పనివాళ్లు. చిత్రమేమిటంటే, 595లో ఒక అగరు దుంగ సముద్రంలో కొట్టుకొచ్చి ఒడ్డున పడిందని, తెలియక వంటచెరకుగా వాడిన జనం ఆ పొగ వాసనకు విస్తుపోయి దాన్ని రాజాస్థానానికి సమర్పించారని జపాను ప్రాచీన చరిత్రలో రాసి ఉన్నది కూడా ఈ ద్వీపం గురించే.

ప్రశ్న: ధ్యానానికి కూర్చునేటప్పుడు పూల వాసనది మంచిదా, మరేదైనానా? ఎంతసేపు వెలిగించాలి?

జవాబు: నన్నడిగితే ధ్యానానికి పూల వాసన వద్దంటాను. తీపి పరిమళం మనసును ఏదో ఒక జ్ఞాపకం వైపు లాగుతుంది. చందనం, అగరు అలా లాగవు, కాసేపటికి ఉన్నట్టే తెలియవు. జెన్ అనే ధ్యానప్రధానమైన బౌద్ధశాఖ ఆశ్రమాలలో అగరువత్తి వాసనకే కాక కాలానికి కూడా కొలత. ఒక వత్తి కాలి ముగిసేదాకా కూర్చోవడం ఒక విడత, అది సుమారు 40 నిమిషాలు. (విందుల్లో ఆటపాటలతో అలరించే గెయిషాల పారితోషికాన్ని కూడా ఒకప్పుడు కాలిన అగరువత్తుల లెక్కనే కట్టేవారు.) ఇళ్లలో వాడే 14 సెంటీమీటర్ల వత్తి అరగంట లోపు కాలుతుంది. కొత్తగా కూర్చునేవారు దాన్ని సగానికి విరిచి వాడుకోవచ్చు. పుల్ల లేదు గనుక శుభ్రంగా విరుగుతుంది. వత్తిని ముఖానికి ఎదురుగా కాక, పక్కగా నాలుగడుగుల దూరంలో పెట్టండి. మంటను నోటితో ఊదకుండా చేత్తో విసిరి ఆర్పడం అక్కడి బౌద్ధుల మర్యాద.

ప్రశ్న: పెట్టె మీద పొగ తక్కువ అని ఉంది. మా ఇంట్లో ఉబ్బసం ఉన్నవారున్నారు. వాడవచ్చునా?

జవాబు: కళ్లకు కనిపించే పొగ తగ్గినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని నుసి లేకుండా పోదు. బొగ్గుపొడి కలిపి పొగ తగ్గించినా, ఏ వత్తి కాలినా సూక్ష్మకణాలూ కొన్ని హానికర వాయువులూ వెలువడతాయి. ఉబ్బసం ఉన్నవారి గదిలో వెలిగించకండి. మిగిలిన గదుల్లోనైనా కిటికీ తెరిచి ఉంచాలి. పసిపిల్లలు, పెంపుడు పక్షులు ఉన్నచోట కూడా ఇదే జాగ్రత్త.

ప్రశ్న: ఒకే కొలత ఉన్న పెట్టెలే అయినా అగరు రకం ధర పూల రకం కన్నా ఎన్నో రెట్లు ఎందుకుంటోంది? ఎలా భద్రపరచాలి?

జవాబు: అగరు అన్ని చెట్లలో దొరకదు. ఆక్విలేరియా జాతి చెట్టుకు దెబ్బ తగిలి, బూజు సోకి, దాన్ని ఎదుర్కోవడానికి చెట్టు స్రవించిన బంక చెక్కలోకి ఇంకినప్పుడే అది అగరు అవుతుంది; అందుకు ఏళ్లు పడుతుంది. అందులోనూ మేలైన క్యారా రకం ప్రధానంగా వియత్నాం నుంచి వచ్చేది. అడవులు తరిగిపోవడంతో 2005 నుంచి ఈ జాతి చెట్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యాయి. చందనంలో మైసూరు చెక్కనే జపాను తయారీదారులు మేలుజాతిగా భావిస్తారు, అదీ కొరతే. పూల రకానికి ఈ ఇబ్బందులు లేవు, కలిపే నూనెలు కోరినంత తయారవుతాయి.

వత్తులను ఎండ తగలని చోట, తేమ లేకుండా, మూత బిగించి ఉంచండి. పూల పెట్టెనూ అగరు పెట్టెనూ ఒకే డబ్బాలో పెట్టకండి. చెక్క వాసనలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. పూల వాసనలు మాత్రం పెట్టె తెరిచాక తగ్గుతూ పోతాయి గనుక, ముందు వాటినే వాడుకోండి.