ముందు పేజీ, తర్వాతి పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రెండున్నర పేజీలు నీ కొత్త కథ గురించి రాసి, చివర మూలన, చిన్న అక్షరాలతో, "అందరూ చదువుతున్న ఆ నవల నన్నూ చదవమంటారా? చదివానంటే నవ్వుతారా?" అని అడిగావు. అసలు ప్రశ్న అదేనని అర్థమైంది. ఇబ్బందిగా ఉన్న మాటను ఉత్తరం చివరికి నెట్టడం నాకూ అలవాటే.

నవ్వను. ఎందుకంటే నేనూ చదివాను. పెన్సిల్ పట్టుకుని చదవడంతో రెండు రాత్రుల పని మూడు రాత్రులు పట్టింది.

ముందు ఈ ఊదర సంగతి చెప్పుకుందాం. ఊదర పెడితే కాయ రంగు మారుతుంది, లోపల పండిందో లేదో కోసినదాకా తెలియదు. ఈ నవలకు పెట్టిన ఊదర మామూలుది కాదు. ఫోను తెరిస్తే చాలు, దాని అట్ట. ఎవరో గుండె మీద చేయి వేసుకుని రాత్రంతా నిద్ర లేదంటారు. పక్కనే మిరపకాయ బొమ్మలు, నాలుగో అయిదో. పుస్తకంలో శృంగారం పాలు ఎంతో చెప్పడానికి ఈ కాలపు పాఠకులు పెట్టుకున్న కొలత అది. కొలతతో నాకు పేచీ లేదు, ఏం కొంటున్నారో తెలిసి కొనడం మంచిదే. కాకపోతే ఆ కొలత కారం ఎంతో చెబుతుంది, వంట ఎలా కుదిరిందో చెప్పదు.

పూర్వం ఈ ఊదర పెట్టే పని కోర్టులు చేసేవి. 'లేడీ ఛాటర్లీస్ లవర్' నవలను పూర్తి పాఠంతో వేసినందుకు పెంగ్విన్ సంస్థ మీద 1960లో లండన్‌లో అశ్లీలత కేసు నడిచింది. ఈ పుస్తకాన్ని మీ భార్యలు, మీ నౌకర్లు చదవడం మీకు ఇష్టమేనా అని సర్కారు న్యాయవాది జ్యూరీని అడిగాడు. జ్యూరీలో ఆడవాళ్ళు కూడా కూర్చున్నారన్న సంగతి ఆయనకు గుర్తు లేదు కాబోలు. ప్రచురణకర్తలు నిర్దోషులని తీర్పు వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే విడుదలైన 2 లక్షల ప్రతులు మొదటిరోజే అయిపోయాయి. అదే పుస్తకం అమ్మిన బొంబాయి వ్యాపారికి పడిన శిక్షను 1964లో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పుస్తకం ఒకటే, తీర్పులు రెండు. రెండుచోట్లా జనం పరుగెత్తింది మాత్రం అవే పేజీలకోసం.

మన ఇంటి కథ ఇంకా చిత్రమైనది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయించింది. ఆడది రాసిన శృంగారమా అని పెద్దలు మండిపడ్డారు. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. అన్నేళ్ళు ఆ కావ్యాన్ని బూతని తిట్టినవాళ్ళూ, బూతనే వెతికి చదివినవాళ్ళూ ఒకే తప్పు చేశారని నాకు అనిపిస్తుంది. కథ చూడు. తాను పెంచిన ఇళను రాధ తన చేతులతో కృష్ణుడికి ఇచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ మెలకువలు చెప్పి పంపుతుంది. పంపాక ఓర్చుకోలేకపోతుంది. కావ్యంలోని వేడంతా ఆ ఓర్వలేనితనం చుట్టూ ఉంది. పడకటింటి పద్యాలు మాత్రమే ఏరుకుని చదివితే, ఇచ్చేసిన మనిషి చేతుల ఖాళీ కనిపించదు.

ఇక నువ్వు అడిగిన నవల. నూటయాభై పేజీల వరకు నాకు బాగా నచ్చింది. ఒకచోట కరెంటు పోతుంది. అతను అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటాడు. చీకట్లో తట్టుకోకుండా ఆమె అతని చొక్కా చేయి అంచు పట్టుకుని వెనకే నడుస్తుంది. దీపం వెలుగుతుంది. ఆమె వదలదు. తను వదలలేదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు, అయినా ఇద్దరూ దీపం వత్తి గురించి మాట్లాడుకుంటారు. ఒక్క పేజీ. నేను అక్కడ పుస్తకం మూసి, లేచి, కాసేపు గదిలో తిరిగాను. యాభై ఏళ్ళుగా రాస్తున్న నాకు ఆ చొక్కా చేయి తట్టలేదే అని కొంచెం కడుపుమంట కూడా కలిగింది.

ఆ తర్వాత తలుపులు మూసుకుంటాయి, అసలు ఇబ్బంది మొదలవుతుంది. తలుపు వెనక సన్నివేశాలు పదకొండు లెక్కపెట్టాను. ఒక్కొక్కదాని ముందు పేజీ చదివాను, తర్వాతి పేజీ చదివాను, మధ్యది చదవనట్టు ఊహించుకున్నాను. మూడుచోట్ల తర్వాతి పేజీలోని మనుషులు ముందు పేజీలోని మనుషులు కారు. ఒకరికి భయం పుట్టింది, ఒకరు అబద్ధం చెప్పడం మానేశారు, మూడోచోట ఆమెకు అతనంటే మొదటిసారి జాలి కలిగింది. మిగిలిన ఎనిమిదిచోట్ల లోపలికి వెళ్ళినవాళ్ళే బయటికి వచ్చారు, జుట్టు చెదరడం తప్ప తేడా లేదు. ఆ ఎనిమిదీ తీసేసినా కథ తడుముకోదు. అలాంటి పేజీలు ఎంత ఘాటుగా ఉన్నా కొంతసేపటికి వ్యాయామ పాఠంలా అనిపిస్తాయి: చేయి ఇటు, కాలు అటు.

ఈ పరీక్ష నాకు ఎవరో నేర్పింది కాదు, నా సిగ్గు నేర్పింది. చాలా ఏళ్ళ క్రితం ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తుండేది. నాయిక నోరుగల మనిషి. ప్రతివారం ఎవరితోనో ఒకరితో వాదించేది. ఎనిమిదో వారం దాటాక సంపాదకుడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది: పాఠకులు చల్లబడుతున్నారు, కాస్త వేడి పెంచండి. పెంచాను. తొమ్మిదో వారం పడిన తర్వాత ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒకటే వాక్యం: "ఆ వారం ఎవరు రాశారు?" తీసి చూసుకుంటే ఏముంది, ఎనిమిది వారాలు నోరు మూయని మనిషికి తొమ్మిదో వారం మంచం ఎక్కగానే మాట పడిపోయింది. కళ్ళు మూసుకుంది, నిట్టూర్చింది, తీగలా అల్లుకుంది. ఆ స్థానంలో ఎవరిని పడుకోబెట్టినా ఆ పేరా సరిపోతుంది. పుస్తకంగా వేసేటప్పుడు ఆ ప్రకరణం తిరగరాశాను. అందులో అతను చేతిగడియారం విప్పుతాడు, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ కట్టుకుంటాడు, ఆమెకు నవ్వు ఆగదు. తర్వాత ఏం జరిగిందో మూడు వాక్యాల్లో చెప్పి వదిలేశాను. ఆమె మళ్ళీ ఆమె అయింది.

భాష దగ్గర మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నీ కథలోనూ అదే చూశాను, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను, విసుక్కోకు. దేహం గురించి రాయబోతే మన చేతికి మూడు సంచులు దొరుకుతాయి. ఒకదానిలో ప్రబంధాల సమాసాలు. వాడితే నీ నాయిక రాయి బొమ్మ అవుతుంది. రెండోదానిలో వైద్యుడి మాటలు. వాడితే రోగి అవుతుంది. మూడోదానిలో తిట్లు, వాటిని ప్రేమకు వాడాలంటే ముందు కడగాలి, కడిగినా మరక పోదు. ఇది చాలదని ఇంగ్లీషు నవలల్లోని వాక్యాలను మక్కీకి మక్కీ దించే అలవాటు ఒకటి బయలుదేరింది. నీ కథ నాలుగో పేజీలో "ఆమె వెన్నెముకలో విద్యుత్తు ప్రవహించింది" అని ఉంది. నిజం చెప్పు అమ్మాయీ, నువ్వు ఎప్పుడైనా ఎవరితోనైనా అలా అన్నావా?

క్షేత్రయ్య పదాల్లో నాయికలు ఎలా మాట్లాడతారో విను. దెప్పుతారు, లెక్కలు అడుగుతారు, చెలికత్తె దగ్గర గోడు వెళ్ళబోసుకుంటారు, అలిగి తలుపు తీయరు. ఇంట్లో మాట్లాడే తెలుగే. మెడ, భుజం, జడ, ఊపిరి, అరచేయి, ఇవన్నీ అందరి నోట ఆడే మాటలు, ఎవరూ సిగ్గుపడనివి. వీటితో వెళ్ళగలిగినంత దూరం వెళ్ళు. ఆ నవలా రచయిత చొక్కా చేయితో ఎంత దూరం వెళ్ళగలిగిందో చూశావు కదా.

మన ఆలంకారికులు శృంగారాన్ని రెండుగా పంచారు, కలిసి ఉండటం సంభోగం, ఎడబాటు విప్రలంభం. విప్రలంభం లేనిదే సంభోగానికి పుష్టి రాదని ఒక శ్లోకం ఉంది. దానికి ఇచ్చిన పోలిక అద్దకం పనివాళ్ళది: ముందు కషాయంలో నానబెట్టిన బట్టకే రంగు గట్టిగా పడుతుంది. సంస్కృతంలో రంగూ రాగమే, ప్రేమా రాగమే కనుక ఆ శ్లోకంలో శ్లేష కూడా కుదిరింది. ఈ కాలపు శృంగార నవలలకు ఈ సూత్రం బాగా తెలుసు. శత్రువులుగా మొదలై ప్రేమికులు కావడం, పెళ్ళి నటించబోయి నిజంగా చిక్కుకోవడం, ఇద్దరికీ ఒకే గది దొరకడం, ఇవన్నీ కషాయపు తొట్లే. చివర సుఖాంతం ఉంటుందని పాఠకురాలికి ముందే తెలుసు, అది ఈ సాహిత్యంలో ఒప్పందం. తెలిసిన ముగింపు వైపు తెలియని దారిలో నడిపించడం చిన్న పని కాదు. ఈ నవలలను చులకన చేసే మన పెద్ద రచయితల్లో చాలామందికి అది చేతకాదు, నాతో సహా.

'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' సంగతే తీసుకో. మరొకరి నవల మీద అభిమానంతో అల్లిన కథగా మొదలై 2011లో పుస్తకమైంది. మూడు భాగాలూ కలిపి 10 కోట్ల ప్రతులు దాటాయి. మేము వార్తాపత్రిక అట్ట వేసి దాచుకుని చదివిన బాపతు పుస్తకాన్ని, ఈ-రీడర్ల పుణ్యమా అని, అట్టే కనబడకుండా రైళ్ళలో కూర్చుని చదివారు. వచనం పేలవమని విమర్శకులు ఏకిపారేశారు, అది చాలావరకు నిజమే. కాని అందులో నాయికా నాయకులు రాసుకున్న ఈ-మెయిళ్ళు చదువు. తమ సంబంధానికి షరతులు రాసిన ఒప్పంద పత్రం మీద ఇద్దరూ బేరమాడుకుంటారు, ఆమె ఎదురు ప్రశ్నలు వేస్తుంది, వెటకారం చేస్తుంది, అతను జవాబు వెతుక్కుంటాడు. నాకు ఆ నవల బతికి ఉన్నట్టు తోచింది అక్కడే. మొదటి భాగం ఆమె అతణ్ణి వదిలి వెళ్ళిపోవడంతో ముగుస్తుంది. రెండో భాగం ఎందుకు అంతగా అమ్ముడుపోయిందో కషాయం సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. ఆమె వద్దంటే విననివాణ్ణి మహా ప్రేమికుడిగా నిలబెట్టే పుస్తకాలు నాకు పడవు. చీకటి కోరికల గురించి రాయవద్దని కాదు, రాయవచ్చు, చదవవచ్చు. అతను వినలేదన్న సంగతి రచయితకు తెలిసి రాశారా, తెలియక రాశారా అన్నది చూస్తాను. నువ్వు అడిగిన నవలలో ఒకచోట, పదిహేడో ప్రకరణంలో, రచయితకు తెలియలేదు. అక్కడ పెన్సిల్ కొంచెం గట్టిగానే పడింది.

కాబట్టి చదవమంటాను. పాఠకురాలిగా అయితే మొదటి సగం నీకు ఆనందం ఇస్తుంది, రెండో సగంలో పేజీలు తిప్పేస్తావు, తప్పేమీ లేదు. డబ్బు పెట్టి కొనాల్సినంత పుస్తకమా అంటే కాదు, అరువు తెచ్చుకోదగ్గది. రాసే మనిషిగా అయితే కరెంటు పోయిన ఆ ఒక్క పేజీ కోసం చదవాలి. ఆ పేజీని చేత్తో ఎత్తి రాసుకో. ఏ వాక్యంలో దీపం వెలిగింది, ఏ వాక్యంలో ఆమె వదలలేదని మనకు తెలిసింది, రెంటికీ మధ్య రచయిత ఎన్ని మాటలు ఖర్చు పెట్టింది, లెక్క చూడు. నేను చూశాను. పందొమ్మిది మాటలు.

ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే పేరు చెప్పు. గొంతు తగ్గించి చెప్పడం, నవ్వు కలిపి చెప్పడం, "ఊరికే చూస్తున్నాను" అనడం, ఇవన్నీ నేను చేశాను. రాసే టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆ నంగితనం వదలలేదు, తొమ్మిదో వారం దాని ఫలమే.

కొనవద్దన్నాను కనుక నా ప్రతి పంపుతున్నాను. అంచుల్లో గీతలు ఉంటాయి, ఏమీ అనుకోకు. 212వ పేజీలో పెన్సిల్ ములుకు విరిగింది. అది చదివి, ఎందుకు విరిగి ఉంటుందో రాసి పంపు. దానితోపాటు నీ కథ నాలుగో పేజీ కూడా, విద్యుత్తు లేకుండా.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి

తా.క. పుస్తకానికి చుట్టిన కాగితం తడవకుండా వేసింది, దాచడానికి కాదు. అందగానే విప్పేయి.