నినాదం లేకుండా నాటకం సమాజాన్ని నిలదీయగలదా? లొరైన్ హాన్స్‌బెర్రీ దగ్గర నేను నేర్చుకున్నది

మీరు రెండు విషయాలు అడిగారు. ఆఫ్రికన్-అమెరికన్ నాటక రచయితల్లో ముందుగా ఎవర్ని చదవాలి అన్నది ఒకటి. స్టేజి మీద ఉపన్యాసం ఇవ్వకుండా నాటకం సమాజాన్ని విమర్శించగలదా అన్నది రెండోది. రెండింటికీ నేను చెప్పేది ఒకటే పేరు, లొరైన్ హాన్స్‌బెర్రీ. నాటకం 'ఎ రైజిన్ ఇన్ ద సన్'. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్వేలో 1959 మార్చి 11న మొదటి ప్రదర్శన జరిగింది. ఒక నల్లజాతి మహిళ రాసిన నాటకం బ్రాడ్వే ఎక్కడం అదే మొదటిసారి. అప్పటికి ఆమె వయసు 28.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. జీవిత బీమా ఆఫీసులో డెత్ క్లెయిములు చూస్తాను. పదిహేనేళ్లుగా స్నేహితులతో కలిసి పరిషత్తుల్లో నాటికలు ఆడుతున్నాను, కొన్ని రాశాను కూడా. ఈ నాటకం నన్ను అంతగా పట్టుకోవడానికి నా ఉద్యోగమూ కారణమే, మాకు ఇల్లు దొరకని ఒక సంఘటనా కారణమే.

ముందు ఆ సంఘటన చెప్తాను. ట్రాన్స్‌ఫర్ మీద కొత్త ఊరు వెళ్లినప్పుడు ఒక ఇంటి పై పోర్షన్ చూసి రెండు వేలు అడ్వాన్సు ఇచ్చాం. పాలు పొంగించుకోవడానికి మంచిరోజు కూడా చూసుకున్నాం. ఆ ముందురోజు ఇంటాయన కబురు చేశారు. నేనూ, మా ఆవిడా, ఏడేళ్ల మా అబ్బాయీ వెళ్లాం. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆ తర్వాత మెల్లగా, "మీ ఇంటిపేరు ఏంటన్నారు?" అని అడిగారు. చెప్పాను. మేము ఎస్సీలమని ఆయనకి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. "నాకేం పట్టింపు లేదండీ, మా అమ్మగారు పెద్దావిడ, ఆచారం పాటిస్తుంది. మీరే ఇబ్బంది పడతారు. మీవాళ్లు ఉండే వీధిలో నాకు తెలిసిన ఇల్లొకటి ఉంది, నేనే మాట్లాడి పెడతాను" అన్నారు. అడ్వాన్సు కొత్త కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చారు. గొంతు పెంచలేదు, ఒక్క తప్పు మాట అనలేదు. మాటలు మొదలవ్వగానే నేను మావాణ్ణి "బయట ఆడుకో నాన్నా" అని పంపేశాను.

దాని మీద నాటిక రాశాను. నా నాటికలో ఇంటి యజమాని మీసం మెలేసే దుర్మార్గుడు. చివర్లో హీరో ఐదు నిమిషాలు సమానత్వం గురించి మాట్లాడతాడు. చప్పట్లు బాగానే పడ్డాయి, ఒక బహుమతి కూడా వచ్చింది. కానీ ముందు వరసల్లో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్లలో, మాకు ఇల్లు ఇవ్వని ఆయనలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. స్టేజి మీద ఉన్న యజమాని తాము కాదని వాళ్లకి నమ్మకం. వాళ్లు మీసం మెలేయరు కదా. ఆ రాత్రి వ్యాన్‌లో తిరిగొస్తూ నాకు చాలా బాధేసింది. తప్పు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

ఎం.ఏ. ఇంగ్లీషు చదివే మా మేనకోడలు సెలవులకి వచ్చి మా ఇంట్లో వదిలేసి వెళ్లిన పుస్తకాల్లో ఈ నాటకం ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పది రోజుల్లో చదివాను.

కథ చిన్నది. చికాగో సౌత్ సైడ్‌లో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో యంగర్ కుటుంబం ఐదుగురు ఉంటారు. తల్లి లీనా, కొడుకు వాల్టర్ లీ, కోడలు రూత్, కూతురు బెనీథా, మనవడు ట్రావిస్. ట్రావిస్ పడక హాల్లో సోఫా మీద. బాత్రూమ్ బయట కారిడార్లో, పక్క వాటా వాళ్లతో ఉమ్మడి. నాటకం మొదలయ్యేదే పొద్దున్నే ఆ బాత్రూమ్ కోసం కాచుకోవడంతో. వాల్టర్ ఒక తెల్ల ధనవంతుడి కారు డ్రైవరు. తల్లీ, కోడలూ వేరేవాళ్ల ఇళ్లలో పనులకి వెళ్తారు. చనిపోయిన తండ్రి బీమా డబ్బు, పదివేల డాలర్ల చెక్కు, రావాల్సి ఉంది. దాంతో మద్యం షాపు పెట్టాలని కొడుక్కి, డాక్టరు చదవాలని కూతురికి, సొంత ఇల్లు కొనాలని తల్లికి.

మొదటి దృశ్యంలోనే ఒక చిన్న విషయం ఉంది. ట్రావిస్ స్కూలుకి యాభై సెంట్లు కావాలంటాడు. లేవంటుంది రూత్. వాల్టర్ పౌరుషానికి పోయి యాభై తీసి ఇస్తాడు, పైన ఇంకో యాభై కూడా ఇచ్చి పళ్లు కొనుక్కోమంటాడు. కొడుకు వెళ్లిపోయాక, తాను పనికి పోవడానికి బస్సు డబ్బుల్లేక ఆ భార్య దగ్గరికే వచ్చి చెయ్యి చాపుతాడు. అంతే. పేదరికం గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా నాన్న కూడా ఇలా చేసేవాడు.

ఇక చెక్కు వచ్చే దృశ్యం. ఇది నా రోజువారీ పని కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. పోస్టుమాన్ రాగానే ఇంట్లో అందరికీ సంబరం. తల్లి కవరు చింపి, కాగితం చేత్తో పట్టుకుని, సున్నాలు సరిగ్గా ఉన్నాయా అని మనవణ్ణి అడుగుతుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె మొహంలో వెలుగు ఆరిపోతుంది. మనిషి పోయాడు, కాగితం వచ్చింది. దాన్ని కంటికి కనబడకుండా ఎక్కడైనా పెట్టమని కోడలికి ఇచ్చేస్తుంది. ఇప్పుడు మా దగ్గర డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది గానీ, నేను చేరిన కొత్తల్లో చెక్కు చేతికిచ్చేవాళ్లం. ఆ మొహం ఎన్నిసార్లు చూశానో. డబ్బు ముట్టిందని రాసిచ్చే డిశ్చార్జ్ ఫారం మీద సంతకం పెట్టేదాకా హడావుడిగా ఉన్న ఆవిడ, చెక్కు అందుకోగానే కుర్చీలో అలా కూర్చుండిపోయేది. వెనక నిలబడ్డ కొడుకులు అప్పుడే దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. న్యూయార్క్‌లో కూర్చుని ముప్ఫై ఏళ్లు కూడా నిండని అమ్మాయి దాన్ని అంత కచ్చితంగా ఎలా రాయగలిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఒక మనిషి జీవితాంతం ఒళ్లు హూనం చేసుకుంటే ఆ ఇంటికి మిగిలింది ఇంత అని ఆ కాగితమే చెప్పేస్తుంది. దేశాన్ని నిలదీయడానికి వేరే డైలాగు అక్కర్లేదు.

తల్లి 3,500 డాలర్లు కట్టి క్లైబోర్న్ పార్క్ అనే తెల్లవాళ్ల పేటలో ఇల్లు తీసుకుంటుంది. ఆ పేట పేరు కల్పితం. తెల్లవాళ్ల మధ్య ఉండాలన్న మోజుతో కాదు, నల్లవాళ్ల కోసమని ఊరి చివర కట్టిన ఇళ్లు దాదాపు రెట్టింపు ధర పలుకుతున్నాయి కాబట్టి. మిగతా 6,500 కొడుకు చేతిలో పెట్టి, అందులో మూడు వేలు చెల్లెలి చదువుకి బ్యాంకులో వేయమంటుంది. వాడు మొత్తం షాపు భాగస్వామికి అప్పజెప్తాడు. అతను ఆ డబ్బుతో ఉడాయిస్తాడు.

సామాన్లు సర్దుకునే రోజున కార్ల్ లిండ్నర్ వస్తాడు. ఆ పేట సంఘం తరఫు మనిషి. నాటకం మొత్తంలో ఉన్న తెల్లవాడి పాత్ర ఈయనదొక్కటే. బ్రీఫ్‌కేసు, చేతిలో టోపీ, చాలా నెమ్మది. ఒకళ్లనొకళ్లు అర్థం చేసుకోవాలంటాడు, ఎవరి జనం మధ్య వాళ్లుంటే అందరూ సుఖంగా ఉంటారంటాడు. చివరికి మీ ఇల్లు మేమే కొనేస్తాం, మీరు కట్టినదానికంటే ఎక్కువే ఇస్తాం అంటాడు. ఇది చదువుతుంటే నాకు చేతిలో ఆ మజ్జిగ గ్లాసు చల్లదనం తెలిసింది. ఆయన వెళ్లాక తల్లి ఇంటికొచ్చి, బెదిరించాడా అని అడుగుతుంది. ఇప్పుడు అలా చెయ్యరమ్మా, సోదరభావం గురించి మాట్లాడాడు అంటుంది బెనీథా. నా నాటికలో ఏం తప్పుందో అక్కడ తెలిసింది. నేను దుర్మార్గుణ్ణి పెట్టాను. ఆమె మర్యాదస్తుణ్ణి పెట్టింది. చూసేవాళ్లలో మర్యాదస్తులే ఎక్కువ, వాళ్లు అతని నుంచి తప్పించుకోలేరు.

ఆ మర్యాద వెనక ఏముందో హాన్స్‌బెర్రీకి చిన్నప్పుడే తెలుసు. ఆమె 1930లో చికాగోలోనే పుట్టింది. తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ ఇళ్ల వ్యాపారి, కలిగిన కుటుంబమే. పెద్ద ఫ్లాట్లని చిన్న చిన్న గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన మనిషి ఆయన. కూతురు మాత్రం అలాంటి గదుల్లో అద్దెకున్నవాళ్ల కథ రాసింది. ఆయన 1937లో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నాడు. ఆ పేటలో ఇళ్లు నల్లవాళ్లకి అమ్మం, అద్దెకివ్వం అని యజమానులు ముందే సంతకాలు పెట్టుకున్న ఒప్పందం ఉంది. గుంపు ఇంటి మీదికి వచ్చింది. విసిరిన రాయి చిన్నారి లొరైన్‌కి తగలబోయి తప్పింది. తండ్రి కోర్టుల చుట్టూ తిరుగుతుంటే తల్లి రాత్రిళ్లు నిండా గుళ్లున్న పిస్తోలు పట్టుకుని ఇల్లంతా కాపలా తిరిగేది. 1940లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచారు. కానీ ఆ గెలుపు చట్టంలోని ఒక సాంకేతిక అంశం మీద వచ్చింది, అలాంటి ఒప్పందమే తప్పని కోర్టు అనలేదు. ఆ ఒప్పందాల్ని కోర్టులు అమలు చేయకూడదని తీర్పు వచ్చేసరికి 1948 అయింది. ఇళ్ల విషయంలో వివక్ష చెల్లదనే చట్టం 1968లో వచ్చింది. తండ్రి 1946లోనే మెక్సికోలో పోయాడు. ఆమె 1965 జనవరిలో క్యాన్సర్‌తో పోయింది, 34 ఏళ్లకే.

కాబట్టి చివర్లో ఆ కుటుంబం సామాన్లతో బయల్దేరడాన్ని సుఖాంతం అనుకోకండి. వాళ్లు రాళ్లు పడే చోటికే వెళ్తున్నారు. బాంబు దాడికి గురైన నల్లవాళ్ల ఇంటి వార్త ఉన్న పేపరు పట్టుకుని పక్కింటావిడ వచ్చే దృశ్యం ఒకటి ఉంది. మొదటి ప్రదర్శనల్లో దాన్ని తీసేశారు, తర్వాతి ముద్రణల్లో చేర్చారు. మీరు చదివే ప్రతిలో అది ఉందో లేదో చూసుకోండి.

ప్రభుత్వం కూడా ఈ నాటకం మీద కన్నేసింది. బ్రాడ్వేకి రాకముందే ఫిలడెల్ఫియాలో ఆడినప్పుడు అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ మనిషి వచ్చి కూర్చున్నాడు. కమ్యూనిజం మాటలేమీ లేవని రిపోర్టు రాసుకున్నాడు. ఆయన వెతికింది నినాదం కోసం, అది దొరకలేదు. నాటకం బ్రాడ్వేలో 530 సార్లు ఆడింది. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్, వాల్టర్‌గా సిడ్నీ పోయిటియర్.

విమర్శలు లేకపోలేదు. తెల్లవాళ్ల పక్కన ఇల్లు కొనుక్కోవడమే విముక్తా, ఇది మధ్యతరగతి కోరిక కదా అని అమీరీ బరాకా లాంటి తీవ్ర భావాల నల్లజాతి కవి తీసిపారేశాడు. 1980ల్లో ఆయనే తన అభిప్రాయం మార్చుకుని, పోరాటం ఆ కుటుంబం లోపలే ఉందని ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. నాకు ఆయన మొదటి మాట కంటే రెండోదే నిజమనిపిస్తుంది. ఇల్లు లేనివాడికి ఇల్లు మధ్యతరగతి కోరిక కాదు.

ఇక చివరి దృశ్యం. డబ్బు పోయాక వాల్టర్ లిండ్నర్‌ని తనే పిలుస్తాడు. ఆ డబ్బు తీసుకుని, ఇల్లు వదులుకుంటానని. రూత్ పిల్లాణ్ణి కిందికి వెళ్లమంటుంది. తల్లి వెళ్లనివ్వదు. నువ్వు ఇక్కడే ఉండు ట్రావిస్ అని, నువ్వు చేస్తున్నదేంటో వాడికి అర్థమయ్యేలా చెప్పు అని కొడుకుతో అంటుంది. కొడుకు ముందు వాల్టర్‌కి ఆ మాట నోట రాదు. మా నాన్న ఈ ఇంటిని ఇటుక ఇటుకా సంపాదించాడు, మీ డబ్బు మాకొద్దు అంటాడు. తడబడుతూ, మాటలు దొరక్క అంటాడు. అది ఉపన్యాసం కాదు.

నేను మావాణ్ణి బయటికి పంపేశాను. ఆ పేజీ చదివాక చాలా రోజులు నా తలలో అదే తిరిగింది.

నాటిక తిరిగి రాశాను. మీసం తీసేశాను, ఐదు నిమిషాల ఉపన్యాసం తీసేశాను. యజమాని మజ్జిగ ఇస్తాడు, ఇంటిపేరు అడుగుతాడు, కవరు ఇస్తాడు. పిల్లాడు స్టేజి మీదే ఉంటాడు. తండ్రి కవరు జేబులో పెట్టుకుంటుంటే, "మరి మనం రేపు పాలు పొంగించుకోవాలి కదా నాన్నా?" అని అడుగుతాడు. లైట్లు ఆరిపోతాయి. రెండోసారి ఆడినప్పుడు చప్పట్లు ఆలస్యంగా, అక్కడక్కడ పడ్డాయి. బహుమతి రాలేదు. నాటిక అయ్యాక ఒక పెద్దాయన మేకప్ గదికి వచ్చి, "మా పై పోర్షన్ ఖాళీగా ఉంది" అని, ఇంకేం చెప్పాలో తెలియక కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

మీకు ఇంగ్లీషు కష్టమనిపిస్తే ముందు 1961లో వచ్చిన సినిమా చూడండి, మొదటి ప్రదర్శనలోని ముఖ్య నటులే అందులోనూ ఉన్నారు, స్క్రీన్‌ప్లే ఆమెదే. తర్వాత ఇంకో నల్లజాతి నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ రాసిన 'ఫెన్సెస్' చదవండి, అదీ తండ్రీకొడుకుల కథే, దాన్నీ బ్రాడ్వేలో ఆడించింది లాయిడ్ రిచర్డ్సే. కానీ పుస్తకం పట్టుకుంటే మాత్రం చివరి దృశ్యానికి తొందరపడకండి. మొదటి దృశ్యంలో ఆ యాభై సెంట్లు ఎవరి జేబులోంచి ఎవరి చేతిలోకి వెళ్లాయో, మళ్లీ ఎక్కణ్ణుంచి రావాల్సి వచ్చిందో కాగితం మీద రాసుకుంటూ చదవండి.