బాబాక్ మాటలు సరే, ముందు మిల్లు మాటలు తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు బిజినెస్ అనలిస్టు, అంటే క్లయింటు అవసరాలు (రిక్వైర్‌మెంట్లు) తెలుసుకుని రాసేవారు. పర్లాకిమిడిలో బియ్యం మిల్లులకీ జీడిపప్పు యూనిట్లకీ స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. ఆఫీసులో తెలుగు, ఒడియా, హిందీ మూడూ నడుస్తాయి, టెస్టింగ్ టీము పుణెలో ఉంది. ఒకరు బీఆర్‌డీ (అవసరాలన్నీ ఒకచోట రాసిన పత్రం) అంటారు, ఇంకొకరు యూజర్ స్టోరీ (వాడేవారి వైపు నుంచి ఒక్కో అవసరాన్నీ చిన్నగా రాయడం) అంటారు. సీనియర్ గారు ‘ఎంటర్‌ప్రైజ్ అనాలిసిస్’ అంటే, మీ కోర్సులో ఆ మాటే లేదు. ఏ ప్రమాణం పట్టుకోవాలి అని.

సీనియర్ గారు తప్పు చెప్పలేదండీ, పాత ఎడిషన్ చదివారు, అంతే. బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ 2003లో మొదలైంది. ఈ పనిలో ఏమేం తెలిసుండాలో చెప్పే దాని పుస్తకమే బాబాక్ గైడు. రెండో వెర్షన్ 2009లో, మూడోది 2015లో వచ్చాయి. రెండింట్లోనూ నాలెడ్జ్ ఏరియాలు (పనిని విడగొట్టిన విభాగాలు) ఆరే, పేర్లు మారాయి. ఎంటర్‌ప్రైజ్ అనాలిసిస్ (సంస్థకి అసలు ఏ మార్పు కావాలో తేల్చడం) కాస్తా స్ట్రాటజీ అనాలిసిస్ అయింది. సొల్యూషన్ అసెస్‌మెంట్ అండ్ వాలిడేషన్ ఇప్పుడు సొల్యూషన్ ఎవాల్యుయేషన్. ఎలిసిటేషన్ (అవసరాలు అడిగి రాబట్టడం) పక్కన కొలాబరేషన్ (కలిసి పనిచేయడం) చేరింది. పేర్ల కంటే పెద్ద మార్పు డిజైన్ని లోపలికి తీసుకోవడం: అవసరాన్ని పనికొచ్చే రూపంలో చెబితే రిక్వైర్‌మెంట్, పరిష్కారాన్ని అలా చెబితే డిజైన్. “డ్రాప్‌డౌన్ కావాలి” అని క్లయింటు చెప్పినా అది డిజైనే. దాని వెనక ఉన్న అవసరం అడిగి వేరే రాసుకోవాలి.

బీఆర్‌డీ, యూజర్ స్టోరీ అనేవి గిన్నెలు మాత్రమే, లోపల ఏముందో చూడండి. బాబాక్ లెక్కన రిక్వైర్‌మెంట్లు నాలుగు రకాలు: బిజినెస్ (సంస్థ లక్ష్యం), స్టేక్‌హోల్డర్ (సంబంధం ఉన్నవాళ్ల అవసరం), సొల్యూషన్ (సిస్టం ఎలా ఉండాలో), ట్రాన్సిషన్ (పాతదాన్నుంచి కొత్తదానికి మారడానికి కావాల్సింది). అందరూ మరిచిపోయేది నాలుగోదే. కొనుగోళ్ల మధ్యలో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పాత ఖాతా పుస్తకంలోని నిల్వ ఏ తేదీకి, ఎవరి సంతకంతో, ఏ కొలతలో తేవాలి అన్నది ట్రాన్సిషన్ రిక్వైర్‌మెంటు. మారడం పూర్తయ్యాక దానితో పని ఉండదు కాబట్టి ఎవరూ రాయరు, మొదటి నెల నిల్వ తేలకపోవడానికి కారణం తరచూ అదే.

ఇంత చెప్పినా, ప్రాజెక్టులు దెబ్బతినేది ఈ మాటల దగ్గర కాదు. ‘అవుట్‌టర్న్’ తీసుకోండి. సరుకు ఆడిస్తే చేతికొచ్చేది ఎంత అన్న లెక్క అది. బియ్యం మిల్లులో శాతంలో చెబుతారు: ప్రభుత్వ ధాన్యం ఆడిస్తే 100 కిలోలకి పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు. పలాస వైపు జీడి వ్యాపారి “అవుట్‌టర్న్ 48” అంటే 80 కిలోల పిక్కల బస్తాకి 48 పౌండ్ల పప్పు. అంటే 21.77 కిలోలు, సుమారు 27.2 శాతం. ఒకే స్క్రీను రెంటికీ వాడి శాతం గడిలో 48 కొట్టారనుకోండి, సిస్టం బస్తాకి 38.4 కిలోల పప్పు చూపిస్తుంది, ప్రతి బస్తాకీ లేని 16.6 కిలోలు పుట్టుకొస్తాయి. టెస్టింగ్‌లో ఇది దొరకదు, 48 అన్నది శాతంగా చెల్లే అంకే కదా.

‘గుంట’ కూడా ఇలాంటిదే. తెలంగాణ, మహారాష్ట్రల్లో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. రైతు వివరాల్లో విస్తీర్ణాన్ని గుంటల్లో దాచొద్దు. ఎకరంలో నూరో వంతునే మనం సెంటు అంటాం, ఒడిశా రికార్డులో డెసిమల్ అంటారు, దానిలో దాచుకోండి. ‘తరుగు’ మరీ చిక్కు: ధాన్యం ఆరి తగ్గిన బరువా, తేమకీ తాలుకీ కోసుకున్న బరువా? రెండోదాన్ని ఒడియా రైతులు కట్నీ అంటారు. మొదటిది స్టాకు లెక్క, రెండోది రైతుకిచ్చే డబ్బు లెక్క. రెండు ఫీల్డులు ఉండాల్సిందే. ‘బస్తా’ అన్నప్పుడల్లా ఎన్ని కిలోలది, గోనె బరువు తీసేశారా అని అడగండి.

అందుకని మొదటి వారంలోనే పదకోశం మొదలుపెట్టండి, 30 మాటలు దాటక్కర్లేదు. ఒక్కో మాటకి ఒక వాక్యంలో అర్థం, అది ఏది కాదో, యూనిట్, అంకెతో ఉదాహరణ, ఒడియా, హిందీ పేర్లు, డేటాబేస్‌లో ఫీల్డు పేరు, ఖాయం చేసినవారు, తేదీ. ‘ఏది కాదో’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ మాట ఇంకా తేలలేదని లెక్క. మేనేజరు దగ్గరే ఆగకుండా కాటా దగ్గర గుమాస్తాని అడగండి, మాట ఎలా వాడుతున్నారో ఆయనకే తెలుస్తుంది. తర్వాత వచ్చే స్టోరీలన్నీ ఈ మాటలతోనే రాయాలి, కొత్త మాట వస్తే ముందు కోశంలోకి, తర్వాతే స్టోరీలోకి.

వాక్యాల సంగతికొస్తే, రిక్వైర్‌మెంట్లు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 29148లో ‘షల్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే ఉంటే మంచిది, ‘మే’ అంటే అనుమతి. తెలుగులో ‘చేయాలి’ మొదటి రెండింటికీ సరిపోతుంది, ‘చేయవచ్చు’ అనుమతికీ అవకాశానికీ సరిపోతుంది. తెలుగులో రాస్తే ‘తప్పనిసరిగా’, ‘ఉంటే మంచిది’, ‘అనుమతి ఉంది’ అని మూడు ముద్రలు పెట్టుకుని ప్రతి వాక్యానికీ ఒకటి తగిలించండి. ‘బడు’ వాడొద్దు. “తేమ ఎక్కువైతే లోడు ఆపబడుతుంది” అంటే ఎవరు ఆపుతారు, ఎంత ఎక్కువైతే? ప్రభుత్వ కొనుగోలుకి హద్దు 17 శాతం కాబట్టి ఇలా రాయండి: “గుమాస్తా నమోదు చేసిన తేమ 17.0 శాతం దాటితే సిస్టం కొనుగోలు స్లిప్పు ఇవ్వకూడదు.” సరిగ్గా 17.0 వస్తే స్లిప్పు ఇస్తుందని పక్కనే టెస్టు రాయండి. రీడింగు ఒకటా, మూడింటి సగటా అన్నది వేరే వాక్యం.

పుణెతో ఫోన్లలో ఒక చిన్న జాగ్రత్త. హిందీ ‘కల్’, ఒడియా ‘కాలి’ నిన్నకీ రేపటికీ కూడా చెల్లుతాయి, మరాఠీ ‘కాల్’ నిన్న మాత్రమే. మీటింగు నోట్సులో తేదీ వేయండి.

సర్టిఫికెట్ గురించి కూడా అడిగారు కదా. ఐఐబీఏ ఇచ్చే సర్టిఫికెట్లలో సీసీబీఏకి 3,750 గంటల అనుభవం కావాలి, దాని పైదైన సీబీఏపీకి 7,500. సీబీఏపీకైతే ఆరు ఏరియాల్లో నాలుగింట్లో ఒక్కోదానికి కనీసం 900 గంటలు చూపాలి. ఆ పరీక్ష రాయాలనుకుంటే ఈ రోజు నుంచే గంటల్ని మూడో వెర్షన్ పేర్ల కింద వారం వారం రాసి పెట్టుకోండి. సీనియర్ గారి పాత పేర్లతో రాసుకుంటే దరఖాస్తు నాడు అన్నీ తిరగరాయాలి.