షవర్‌కి ఇన్‌స్టంట్ గీజర్ చాలట్లేదు, ఏది కొనాలి?

మీ 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ బహుశా పాడవలేదు. బకెట్‌కి బాగానే కాగి, షవర్‌లో గోరువెచ్చగా వస్తున్నాయంటే ధార దాని శక్తికి మించిందన్నమాట. అది నిమిషానికి సుమారు 2 లీటర్లనే 20 డిగ్రీలు వేడెక్కించగలదు.

1. కొనేముందు ధార కొలవండి. చాలామంది వదిలేసేది ఇదే. షవర్ రోజూ తిప్పేంతే తిప్పి, కింద బకెట్ పెట్టి, ఫోన్‌లో టైమర్ చూస్తూ ఒక్క నిమిషం పట్టండి. తర్వాత లీటరు సీసాతో కొలవండి.

2. 5 లీటర్లు దాటితే స్టోరేజ్ గీజరే తీసుకోండి. 25 లీటర్లది 60 డిగ్రీలకు కాగితే, 20 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీల నీళ్లు దాదాపు 50 లీటర్లు వస్తాయి. 2 కిలోవాట్లదైతే అరగంట పైనే పడుతుంది.

3. గ్యాస్ గీజర్ మాత్రం బాత్రూమ్ లోపల పెట్టకండి, దయచేసి. గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.