కోతి, కొండముచ్చు విడిపోయిన కాలం: డీఎన్ఏ ఒక్కటే చాలదు

"అహోబిలంలో కనిపించే కోతికి, కొండముచ్చుకు డీఎన్ఏ పోల్చి ఎప్పుడు విడిపోయాయో చెప్తారంట. మన బిల్లసర్గం గుహల ఎముకలతో దాన్ని సరిచూడొచ్చు కదా?" అని అడిగారు.

సరిచూడలేం. బేతంచెర్ల దగ్గర 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన ఆ ఎముకలు మనకెంతో విలువైనవే గానీ, వాటి వయసు వేలు, లక్షల ఏళ్లలో ఉంటుంది. ఈ పనికి కోట్ల ఏళ్ల నాటివి కావాలి. టాంజానియాలోని రుక్వా ప్రాంతంలో 2.5 కోట్ల ఏళ్ల నాటి దవడ ముక్కలు దొరికాయి. ఒకటి వానరానిది (చింపాంజీ, గొరిల్లా లాంటి తోక లేని జీవుల వంశం), ఇంకోటి కోతిది. అంటే అప్పటికే ఆ రెండు వంశాలూ వేరుపడ్డాయి. శిలాజం చెప్పేది "కనీసం ఇంత" అని మాత్రమే.

ఇక లెక్క. డీఎన్ఏ తేడాను మ్యుటేషన్ (డీఎన్ఏ అక్షరాల్లో పడే మార్పు) వేగానికి రెట్టింపుతో భాగించాలి, మార్పులు రెండు కొమ్మల్లోనూ పడతాయి గనక. ఉదాహరణకు, మనిషికీ చింపాంజీకీ తేడా సుమారు 1.2 శాతం. ఏడాదికి వంద కోట్ల అక్షరాల్లో ఒకటి మారుతుందనుకుంటే 60 లక్షల ఏళ్లు వస్తుంది. తల్లి, తండ్రి, బిడ్డ జీనోమ్‌లు (మొత్తం డీఎన్ఏ) చదివి కొలిచిన వేగం దాదాపు అందులో సగమే. అది వేస్తే 1.2 కోట్లు! పైగా జన్యువులు చీలడం మందలు చీలడానికి ముందే మొదలవుతుంది. పూర్వీకుల మందలో 50 వేల జీవులు, తరానికి 25 ఏళ్లు అనుకుంటే 2 × 50,000 × 25, అంటే 25 లక్షల ఏళ్లు తీసేయాలి. ఇవేవీ చెప్పకుండా ఒక్క అంకె అచ్చేసే పత్రికల మీద నాకు చాలా కోపం.

1967లో సారిచ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పోల్చారు. కోతులూ వానరాలూ 3 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయని పెట్టుకుంటే, మనిషి, ఆఫ్రికా వానరాలు విడిపోయింది 50 లక్షల ఏళ్ల కిందటే అని తేలింది. శిలాజాలవాళ్లు ఒప్పుకోలేదు. సుమారు 1.4 కోట్ల ఏళ్ల నాటి రామాపితెకస్ అనే శిలాజ వానరం మనిషి వంశమేనని పట్టుబట్టారు. చివరికి పాకిస్తాన్‌లోని పొట్వార్‌లో దొరికిన శివాపితెకస్ అనే మరో శిలాజ వానరం ముఖం గురించి 1982లో ప్రకటించారు. చూస్తే ఒరాంగుటాన్ పోలికలు! రామాపితెకస్ కూడా ఆ గుంపులోదే.

మీ ప్రశ్నకొస్తే, మనిషి వేగాన్ని కోతికి వేయకండి. కోతుల తరం చిన్నది, ఏడాదికి మార్పులెక్కువ. మనిషి వేగం వేస్తే చీలిక ఉన్నదానికన్నా పాతదిగా కనబడుతుంది. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ వాడితే దీనికి ఎదురు తప్పు జరుగుతుంది, చీలిక కొత్తదిగా కనబడుతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ మార్పు పడి పాతవి చెరిగిపోతాయి. పైకి 30 శాతం తేడా కనిపిస్తే, చెరిగిన మార్పుల్ని లెక్కగట్టే జూక్స్-కాంటర్ సవరణ చేశాక అది 38 అవుతుంది. కొండముచ్చుల వంశానికి కెన్యాలో 1.25 కోట్ల ఏళ్ల నాటి పళ్లున్నాయి, కాబట్టి చీలిక అంతకు ముందుదే. డీఎన్ఏ లెక్కలు ఎక్కువగా 1.5 నుంచి 2 కోట్ల ఏళ్ల మధ్య పడతాయి.