పాస్ ఉన్నా సీటుకు మళ్లీ డబ్బు కట్టాలా? కొన్ని రైళ్లకు కట్టాలి, అవి ఏవో ముందే తెలుసుకోండి

మీ ప్రశ్న నుంచి నాకు అర్థమైనది ఇది. మీరు జర్మనీలోని మన్‌హైమ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. జూన్‌లో మీ అమ్మగారు, నాన్నగారు విజయవాడ నుంచి వస్తున్నారు. మీ దంపతులు, ఆరేళ్ల పాప, వాళ్లిద్దరు కలిసి పారిస్, జ్యూరిక్, మిలాన్, వీలైతే లండన్ కూడా చూడాలనుకుంటున్నారు. యూరప్ దేశాల్లో చెల్లే యూరైల్ లేదా ఇంటర్‌రైల్ అనే రైలు పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కవచ్చని ఎవరో చెప్పారు, తీరా చూస్తే సీటుకు మళ్లీ డబ్బు అడుగుతున్నారు. ఇది నిజంగా అవసరమా, అవసరమైతే ఎప్పుడు చేసుకోవాలి అన్నది మీ సందేహం. నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటాను. మా అత్తగారిని, మామగారిని దాదాపు ఇదే దారిలో తిప్పాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాస్ అంటే ప్రయాణ ఛార్జీ ముందే చెల్లించినట్టు, అంతవరకే. కూర్చునే చోటు అందులో ఉండదు. జర్మనీ లోపల తిరిగే ఐసీఈ అనే వేగవంతమైన రైళ్లకు, ఆస్ట్రియా రైల్‌జెట్‌లకు, స్విట్జర్లాండ్‌లోని మామూలు రైళ్లకు దీనితో ఇబ్బంది లేదు. ఎక్కి ఖాళీ సీటు చూసుకుని కూర్చోవచ్చు, కావాలంటే రిజర్వు చేసుకోవచ్చు. చిక్కు ఎక్కువగా సరిహద్దు దాటే వేగవంతమైన రైళ్లతోనే. లండన్, పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్‌ల మధ్య నడిచే యూరోస్టార్, పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌కు వెళ్లే టీజీవీ (ఫ్రాన్స్ వేగవంతమైన రైలు) లిరియా, ఫ్రాన్స్, జర్మనీల మధ్య నడిచే టీజీవీ, ఐసీఈ రైళ్లు, పారిస్ నుంచి బార్సిలోనాకు, మిలాన్‌కు వెళ్లే టీజీవీలు, స్విట్జర్లాండ్ నుంచి ఇటలీలోకి దిగే యూరోసిటీలు, వీటన్నిటికీ సీటు రిజర్వేషన్ తప్పనిసరి. పాత వ్యాసాల్లో థాలిస్ అనే పేరు కనబడితే కంగారుపడకండి, అది 2023లో యూరోస్టార్ పేరులో కలిసిపోయింది.

డబ్బు కన్నా పెద్ద సమస్య కోటా. ఫ్రాన్స్‌తో సంబంధం ఉన్న రైళ్లలో పాస్ ఉన్నవాళ్లకు కొన్ని సీట్లే కేటాయిస్తారు. అవి అయిపోతే, అదే రైల్లో పూర్తి ధరకు సీట్లు అమ్ముతున్నా మీకు మాత్రం లేవనే చూపిస్తుంది. మన రైళ్లలో ఒక కోటా నిండిపోయి మరో కోటాలో బెర్తులు మిగిలి ఉన్నట్టే అనుకోండి. కాకపోతే అక్కడ వెయిటింగ్ లిస్టు లేదు, ఆర్ఏసీ లేదు. చార్టు తయారయ్యేదాకా ఆశగా ఎదురుచూసే అవకాశమే ఉండదు. సీటు ఉందా లేదా, అంతే. యూరోసిటీల విషయంలో మాత్రం ఇంత కంగారు అక్కరలేదు. వాటి రుసుము పది యూరోల పైచిలుకు ఉంటుంది, సీటు సాధారణంగా దొరుకుతుంది. జర్మనీ నుంచి పారిస్ వెళ్లే రైళ్ల రుసుము కూడా మరీ ఎక్కువ కాదు. యూరోస్టార్‌కు, లిరియాకు, బార్సిలోనా రైలుకు మాత్రం మనిషికి ముప్పై యూరోల చుట్టుపక్కల సిద్ధపడండి. ఫస్ట్ క్లాస్ అయితే ఇంకా ఎక్కువ.

అందుకే ముందు ఊళ్లు, హోటళ్లు ఖాయం చేసుకుని తర్వాత సీట్లు వెతకడం తలకిందుల పని అంటాను. మీ పర్యటనలో నిజంగా బిగుతుగా ఉండే రైళ్లు రెండో మూడో. వాటిలో ఐదుగురికి ఏ రోజున సీట్లు ఉన్నాయో ముందు చూడండి, ఆ తేదీల చుట్టూ మిగతాది అల్లుకోండి. టీజీవీలు సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు అమ్మకానికి వస్తాయి, యూరోస్టార్ ఇంకా ముందే తెరుస్తారు. జూన్ ప్రయాణానికి ఫిబ్రవరి, మార్చిలోనే కూర్చోవాలి. ఇద్దరికైతే చివర్లోనూ ఏదో ఒకటి దొరకవచ్చు. ఐదుగురికి ఒకే రైల్లో దొరకడం వేరే సంగతి.

మాకు పారిస్ నుంచి జ్యూరిక్ వెళ్లాల్సిన రోజున లిరియా రైళ్లన్నిటిలో పాస్ కోటా నిండిపోయి ఉంది. పూర్తి ధర టికెట్లు ఉన్నాయి కానీ, పాస్ చేతిలో పెట్టుకుని నలుగురికి అంత డబ్బు పోయడం నాకు నచ్చలేదు. పటం ముందు పెట్టుకుని చూస్తే దారి కనబడింది. సరిహద్దును వేగవంతమైన రైల్లో కాకుండా మామూలు రైల్లో దాటితే చాలు. పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు టీజీవీ గంటా ముప్పావులో చేరుస్తుంది. అది ఫ్రాన్స్ లోపలి ప్రయాణం కాబట్టి రుసుము తక్కువ, రైళ్లు ఎక్కువ, ఏదో ఒకదాంట్లో సీట్లు దొరికాయి. స్ట్రాస్‌బర్గ్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాసెల్‌కు టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు ఉంది. దానికి రిజర్వేషనే లేదు, పాస్ చూపిస్తే సరిపోతుంది, గంటా ఇరవై నిమిషాలు. బాసెల్ నుంచి జ్యూరిక్‌కు గంట లోపు ప్రయాణం, రైళ్లు వరసగా ఉంటాయి. నేరుగా వెళ్తే నాలుగు గంటలు పట్టేది, ఇలా రైళ్లలో గడిపింది కూడా దాదాపు అంతే. పైగా స్ట్రాస్‌బర్గ్‌లో భోజనానికి దిగి కేథడ్రల్ చూపించాను. ఇంత పెద్ద రాతి కట్టడం ఇంత ఎర్రగా ఎలా ఉందని మామగారు అక్కడి నుంచి కదలలేదు. బాసెల్ స్టేషనులో ఫ్రాన్స్ నుంచి వచ్చే రైళ్లకు విడిగా ఒక భాగం ఉంది. కస్టమ్స్ నడవ దాటి బయటికి రావాలి, పెద్దవాళ్లతో అయితే పది నిమిషాలు కలుపుకోండి.

ఈ ఉపాయం మీకు ఇంకోచోట కూడా పనికొస్తుంది. స్ట్రాస్‌బర్గ్‌కు ఎదురుగా రైన్ నదికి అవతల ఉన్న కెల్ జర్మనీ ఊరు. 2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామే వంతెన దాటి అక్కడికి వెళ్తోంది. ట్రామ్ టికెట్ మాత్రం విడిగా కొనుక్కోవాలి, పాస్ చెల్లదు. పారిస్ నుంచి మన్‌హైమ్ రైళ్లలో కోటా అయిపోతే ఇలా కెల్ దాకా వచ్చి, అక్కడి నుంచి జర్మనీ రైళ్లలో రావచ్చు.

జ్యూరిక్ నుంచి మిలాన్ దగ్గర నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. నేరుగా వెళ్లే యూరోసిటీ మూడు గంటల పైచిలుకులో చేరుస్తుంది, కానీ 57 కిలోమీటర్ల గొట్టార్డ్ బేస్ సొరంగంలోంచి వెళ్తుంది. 2016లో తెరిచిన ఆ సొరంగం గొప్ప ఇంజనీరింగే, కాదనను. అయితే అంత దూరం నుంచి ఆల్ప్స్ చూడడానికి వచ్చిన అమ్మగారికి అక్కడ కనబడేది కిటికీ అద్దంలో తన ముఖమే. 1882 నాటి పాత కొండదారి మీద ట్రెనో గొట్టార్దో అనే రైలు ఇప్పటికీ నడుస్తోంది. రిజర్వేషన్ తప్పనిసరి కాదు, పాస్ చెల్లుతుంది. ఆ దారి ఎత్తు ఎక్కడానికి కొండ లోపల గుండ్రంగా తిరుగుతూ పోతుంది. అందుకే వాస్సెన్ అనే పల్లెలోని చర్చి ఒకసారి పైన, ఒకసారి ఎదురుగా, ఒకసారి కింద కనబడుతుంది. అత్తగారు ఇవి మూడు వేర్వేరు గుళ్లు అనుకున్నారు. బెల్లిన్‌జోనాలో దిగితే అక్కడి నుంచి ప్రాంతీయ రైళ్లు మారుతూ లుగానో, కియాసో మీదుగా మిలాన్ సెంట్రాలే స్టేషనుకు వెళ్లవచ్చు. వాటికీ రిజర్వేషన్ లేదు. పూట మొత్తం పడుతుంది, నిజమే. తిరుగు ప్రయాణంలో అలసి ఉంటారు కాబట్టి అప్పుడు యూరోసిటీకి సీట్లు తీసుకోండి.

మిలాన్ నుంచి పారిస్‌కు నేరుగా రావాలనుకుంటే అదీ ఉంది. 2023 ఆగస్టులో మోరియెన్ లోయలో కొండచరియలు విరిగిపడి ఆ మార్గం మూతపడింది, 2025 మార్చి చివర్లో మళ్లీ తెరిచారు. మూసి ఉందని చెప్పే పాత సమాధానాలు చూసి వదులుకోకండి. కాకపోతే దాదాపు ఏడు గంటలు కూర్చోవాలి.

ఇక లండన్. నన్ను అడిగితే ఈసారికి వదిలేయమంటాను. కారణం సీటు రుసుము కాదు. యూరోస్టార్‌లో పాస్ కోటా అన్నిటికన్నా త్వరగా నిండుతుంది. దానికి తోడు భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఒక్కరికీ బ్రిటన్ వీసా విడిగా కావాలి, తిరిగి పారిస్ రావాలంటే అమ్మగారి, నాన్నగారి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) వీసా ఒకటి కన్నా ఎక్కువ ప్రవేశాలకు అనుమతించేదై ఉండాలి. వీసా తీసుకునేటప్పుడే ఇది చూసుకోకపోతే తర్వాత చేయగలిగింది లేదు. పాస్‌పోర్టు తనిఖీలన్నీ రైలు ఎక్కకముందే స్టేషనులో జరుగుతాయి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త విధానం ప్రకారం షెంగెన్‌లోకి వచ్చే సందర్శకుల ఫొటో తీసి వివరాలు నమోదు చేస్తున్నారు. జర్మనీ నివాస అనుమతి ఉన్న మీకు ఇది వర్తించదు, పెద్దవాళ్లకు వర్తిస్తుంది. బయలుదేరడానికి అరగంట ముందు గేట్లు మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందే అక్కడ ఉండాలి. ఇంతా చేసి వెళ్తానంటే, ముందు యూరోస్టార్ సీట్లు పట్టుకుని తర్వాతే మిగతావి చూడండి.

పాస్ కొనేటప్పుడు మీ ఇంట్లో రెండు రకాలు అవుతాయని గమనించారా? పౌరసత్వం కాదు, నివాసం లెక్క. భారతదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లకు యూరైల్, జర్మనీలో నివసించే మీ దంపతులకు ఇంటర్‌రైల్. సీటు కోటాల్లో రెండింటికీ తేడా లేదు. ఇంటర్‌రైల్‌తో మాత్రం సొంత దేశంలో ఒకసారి బయటికి వెళ్లడానికి, ఒకసారి తిరిగి రావడానికే వాడుకోవచ్చు. మీ పర్యటనకు అది చాలు. నాన్నగారికి, అమ్మగారికి అరవై దాటి ఉంటే వాళ్ల పాస్ మీద పది శాతం తగ్గింపు ఉంది. పాపకు నాలుగు నుంచి పదకొండేళ్ల లోపు వయసు కాబట్టి మీ పాస్‌తో పాటు తన పాస్ ఉచితం. కానీ సీటు ఉచితం కాదు, తప్పనిసరి రిజర్వేషన్ ఉన్న రైళ్లలో తనకూ రుసుము కట్టాలి. ఐదుగురికీ లెక్కవేసేటప్పుడు చాలామంది మరచిపోయేది ఇదే. ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి, ముందుగా కొంటే దొరికే చౌక టికెట్ల మొత్తంతో పోల్చండి. మూడు నాలుగు ప్రయాణాలే అయితే పాస్ ఓడిపోయినా ఆశ్చర్యపోను. స్విట్జర్లాండ్‌లో రోజూ తిరిగేట్టయితే పాస్‌దే గెలుపు.

సీట్లు యూరైల్, ఇంటర్‌రైల్ సైట్లలోనే చేసుకోవచ్చు, కొద్దిగా అదనపు రుసుము ఉంటుంది. యూరోస్టార్‌కు వాళ్ల సైటులోనే పాస్ ఉన్నవాళ్ల కోసం విడిగా పేజీ ఉంది. పాస్‌ను వాడుకలోకి తేకముందే రిజర్వేషన్లు చేసుకోవచ్చు కాబట్టి ఆగనక్కరలేదు. పెద్దవాళ్ల పాస్‌లు రెండూ మీ ఫోనులోని రైల్ ప్లానర్ యాప్‌లోనే పెట్టుకోండి, ఎలాగూ కలిసే తిరుగుతారు. ఎక్కే ముందు ఆ రోజు రైలును యాప్‌లో చేర్చడం మరవకండి. తనిఖీకి వచ్చేవాళ్లు పాస్, సీటు కాగితం, పాస్‌పోర్టు మూడూ అడగవచ్చు.

రిజర్వు చేసిన రైలుకు ముందు జర్మనీ రైలు ఏదైనా ఉంటే కనీసం గంట వ్యవధి ఉంచండి. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో సమయానికి నడిచినవి 62.5 శాతమే. పారిస్‌లో స్టేషన్లు కూడా సరిచూసుకోండి. జర్మనీ రైళ్లు గార్ ద లెస్ట్‌కు వస్తాయి, యూరోస్టార్ అక్కడికి నడిచి వెళ్లగలిగే గార్ ద్యు నోర్‌లో, లిరియా, మిలాన్ రైళ్లు గార్ ద లియోన్‌లో. సామాను మోయడానికి కూలీలు ఉండరు. లిరియా రెండంతస్తుల రైలు, సీటు ఎంచుకునే వీలుంటే పెద్దవాళ్లకు కింది అంతస్తు అడగండి.

తేదీలు అనుకున్నాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. పారిస్ నుంచి జ్యూరిక్ ప్రయాణం శుక్రవారం సాయంత్రమో ఆదివారమో పెట్టుకుంటే మాత్రం ముందు దాన్ని మార్చమనే అంటాను.